పేరు చూడకుండానే ఇది ఫలానావారి వాయిద్యం అని ఎలా చెబుతారు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. కొంతకాలంగా కర్ణాటక సంగీతం వింటున్నారు, ఈమధ్యే వయొలిన్ పాఠం కూడా మొదలుపెట్టారు. కచేరీలో పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లు మూసుకునే “ఇది ద్వారం వారి బాణీ” (అంటే విజయనగరం ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి శైలి) అనేస్తున్నారు, మీకేమో ఫిడేళ్లన్నీ ఒకలాగే వినిపిస్తున్నాయి. ఒకరి శైలి ప్రత్యేకమని దేన్నిబట్టి అంటారు, ప్రత్యేకంగా ఉన్నదల్లా గొప్పదేనా, నేర్చుకునేవాళ్లకి సొంత శైలి ఎప్పుడొస్తుంది అని మీ ప్రశ్నలు. చివర్లో ఇంకో మాట రాశారు: ద్వారం వారి పాత రికార్డు విన్నాను, పెద్దగా ఏమీ అనిపించలేదు, పైకి చెప్పుకోవాలంటే మొహమాటంగా ఉంది అని. దానికీ వస్తాను.

నేను విజయనగరంలో వయొలిన్ పాఠాలు చెబుతాను, పిలిస్తే పక్కవాద్యం వాయిస్తాను. అందుకని నా జవాబంతా ఫిడేలు చుట్టూనే తిరుగుతుంది.

ముందు సూటి జవాబు. శైలిని హడావిడి ఉన్నచోట వెతక్కండి. నిలిపిన ఒక్క స్వరంలో, రెండు సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి వాయించే తీరుల) మధ్య అతుకులో, ముగించే తీరులో, చేతనై కూడా వదిలేసినవాటిలో వెతకండి. అక్కడ చేసిన ఎంపిక వెనక సంగీతానికి పనికొచ్చే కారణం ఒకటి ఉండి, దానికోసం కళాకారుడు ఇంకేదో వదులుకుని ఉంటే అది పట్టించుకోదగ్గ శైలి. కారణం ఏమీ కనబడకపోతే అది అలవాటు. అలవాటు తప్పేం కాదు గానీ దాన్ని శైలి అని పొగడనక్కర్లేదు.

హడావిడిలో ఎందుకు దొరకదంటే, వేగంగా పోయే చోట అందరూ దాదాపు ఒకేలా ఉంటారు. అందరం సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, వర్ణాలు అనే ఒకే మెట్లెక్కి వచ్చినవాళ్లమే. మూడో కాలంలో స్వరాలు దూసుకుపోతున్నప్పుడు చెయ్యి సాధకం మీద నడుస్తుంది, ఆలోచించి ఎంచుకునే వ్యవధి ఉండదు. చప్పట్లు ఎక్కువ పడేదీ అక్కడే, కళాకారుడు తక్కువ కనబడేదీ అక్కడే. అదే నాలుగు అక్షరాల (తాళం లెక్కల) పాటు ఒకే స్వరం మీద నిలబడమనండి, ఎవరి గుట్టు వాళ్లది బయటపడుతుంది.

ఒక్క స్వరం తీసుకుని చూద్దాం. శంకరాభరణం రాగంలో గాంధారం (గ). మన వయొలిన్‌కి మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం అని నాలుగు తీగలు శ్రుతి చేస్తాం కదా, ఆ మధ్య షడ్జం తీగ మీద రెండో వేలితో గాంధారం పట్టి నిలపాలి. ఇంతే పాఠం. కానీ ఇందులో ఎన్ని నిర్ణయాలున్నాయో చూడండి. కమాను (ఫిడేలు వాయించే కర్ర) తీగని తాకేటప్పుడు మొదట చిన్న పట్టు వినిపించాలా, లేక ఎప్పుడు మొదలైందో తెలియకుండా నాదం రావాలా? మధ్యలో నాదం కాస్త పెరగాలా, గీత గీసినట్టు సమంగా పోవాలా? వేలు కదలకుండా ఉండాలా, లేక కాసేపు నిలిచాక సన్నగా ఊగాలా? వదిలేటప్పుడు మధ్యమం వైపు జారి వదలాలా, గాంధారం మీదే చటుక్కున ఆపాలా? నా దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న పిల్లలు ముగ్గురు దీన్ని మూడు రకాలుగా వాయిస్తారు. గోడ అవతల ఉన్నా ఏ గుంట వాయిస్తోందో చెప్పగలను. అందులో నా ప్రతిభేమీ లేదు, రోజూ వినేవాళ్లెవరైనా చెప్పగలరు.

రెండో చోటు అతుకు. కమాను ఎంత పొడవున్నా ఎక్కడో ఒకచోట అయిపోతుంది, దిశ మార్చి వెనక్కి లాగాలి. ఆ మలుపులో రవ్వంత తెగినట్టు వినిపిస్తుంది. దాన్ని ఏం చేస్తారన్నది ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి. కొందరు అతుకు కనబడకుండా దాచేస్తారు. కొందరు దాన్నే వాడుకుంటారు. వయొలిన్ విద్వాంసులు లాల్గుడి జయరామన్ గారిని వినండి. కృతి వాయిస్తుంటే కమాను మలుపులు సాహిత్యంలో, అంటే పాట మాటల్లో, మాటలు విరిగే చోటే పడతాయి. పాట మీకు ముందే తెలిసి ఉంటే నోరు లేని వాయిద్యం మాటలు పలుకుతున్నట్టే ఉంటుంది. మాట మధ్యలో కమాను తిరిగితే మాట ముక్కలవుతుంది కాబట్టి, ఆయన ప్రతి కీర్తననీ గాయకుడిలా లోపల పాడుకుంటూ వాయించాలి. ఆ క్రమశిక్షణకి అయ్యే ఖర్చు ఏమిటంటే, కమాను ఇష్టమొచ్చినంత పొడవు లాగే స్వేచ్ఛ పోతుంది. నేను పైన “వదులుకోవడం” అన్నది దీన్నే.

ఇప్పుడు మా ఊరి సంగతి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టారు. విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టిన 1919లోనే అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరారు. విద్యార్థిగా చేరదామని వస్తే ఆయన వాయిద్యం విని ఆచార్య పదవి ఇచ్చారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన తర్వాత 1936లో నాయుడు గారు ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ, 1964లో పోయారు. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది ఏమిటంటే, “ద్వారం బాణీ” అని తల ఊపే పెద్దవాళ్లలో చాలామంది దేనికి ఊపుతున్నారో చెప్పరు.

నా చెవికి అది ఇలా వినిపిస్తుంది. పాశ్చాత్యుల వయొలిన్‌లో కమాను విద్య బాగా పండింది. నాయుడు గారు దాని మీద మనసు పెట్టి, అందులోంచి కావలసింది తెచ్చుకున్నారు. పొడవైన కమాను, నాదంలో హెచ్చుతగ్గులు, ఒకే స్వరాన్ని గుసగుస నుంచి నిండు గొంతు దాకా తీసుకెళ్లగలగడం. కానీ ఎడమ చేతి వేళ్లు మాత్రం అచ్చంగా మన గమకాల్లోనే (స్వరాన్ని ఊపే, జార్చే పద్ధతుల్లోనే) ఉంటాయి. కుడి చెయ్యి ఒక దేశంలో నేర్చుకున్నట్టు, ఎడమ చెయ్యి ఇంకో దేశంలో పుట్టినట్టు ఉండి కూడా రెండూ కొట్లాడుకోవు.

దీనికి కారణం ఉందా అంటే ఉంది. మన సంగీతంలోకి వయొలిన్‌ని తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముందువరసలో ఉంటారు. అప్పట్నించీ దాని ముఖ్యమైన పని పక్కవాద్యమే, గొంతు ఎటు పోతే అటు పోవడం. పక్కవాద్యానికి పెద్ద నాదవైవిధ్యం అక్కర్లేదు, ఎక్కువైతే గాయకుడికి అడ్డం కూడా. నాయుడు గారు ఫిడేలుతో సోలో కచేరీలు చేశారు. గంటల తరబడి మాటల్లేకుండా జనాన్ని కూర్చోబెట్టాలి. సాహిత్యం చేసే పనిని ఇంకేదో చెయ్యాలి. ఆ ఇంకేదో కమానులోంచి వచ్చింది. అందుకే ఆ బాణీ పట్టించుకోదగ్గది అంటాను, మా ఊరివారన్న అభిమానంతో కాదు. (అభిమానం ఉంది, లేదని అనను.)

అదే కాలంలో మైసూరు చౌడయ్య గారు ఇంకో దారి పట్టారు. ఆయన వయొలిన్‌కి ఏడు తీగలు. మైకుల్లేని రోజుల్లో పెద్ద గొంతున్న విద్వాంసుల పక్కన కూర్చుని చివరి వరసకి వినబడాలంటే నాదం దండిగా ఉండాలి, అదనపు తీగలు ఆ పని చేశాయి. ఒకే తరం, ఒకే వాయిద్యం. ఒకరు నాదాన్ని పలచనా చిక్కనా చేస్తూ పోయారు, ఒకరు నాదాన్ని పెంచారు. ఇద్దరివీ నిజమైన ఇబ్బందుల్లోంచి పుట్టిన శైలులే. మీరు ఎవరి వాయిద్యమైనా విని ప్రత్యేకంగా ఉందనుకున్నప్పుడు “ఇది ఏ ఇబ్బందికి జవాబు?” అని అడిగి చూడండి. జవాబు దొరికితే వినడం ఒక మెట్టు ఎక్కినట్టే.

ఇది వాయిద్యానికే కాదు. ఘంటసాల గారిని తీసుకోండి, ఆయన కూడా విజయనగరంలో చదువుకున్నవారే, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడు. ఆయన పద్యం పాడితే ఎవరైనా గుర్తుపడతారు, ఎందుకు? నాటకాల పద్యంలో నటుడు మైదానం చివర కూర్చున్నవాడికి వినిపించాలి, పాదం చివర రాగం తీసి తీసి వన్స్ మోర్ కొట్టించుకోవాలి. ఘంటసాల గారి ముందు మైకు ఉంది. అరవాల్సిన పని లేదు, అంత వ్యవధీ లేదు. అందుకని రాగాన్ని కుదించి, అర్థం విరిగే చోట మాట విరిచి, భావానికి గొంతు అప్పజెప్పారు. ఆయన రాగం తియ్యలేక కాదు, శాస్త్రీయంగా నేర్చుకున్న మనిషి. తీయగలిగి వదిలేశారు. ఇంట్లో పద్యం పాడాలంటే ఆయనలాగే పాడటం తెలుగునాట అందరికీ అలవాటైపోయింది, ఆ శైలి ఎంత బలమైందో చెప్పడానికి అది చాలు. అయితే దానివల్ల పాత నాటకాల పద్యం కొంత చిన్నబోయింది. నాకు అది కొంచెం బాధే.

బొమ్మల్లోనూ ఇంతే. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలు మీ ఇంట్లో ఉంటే, కింద “వ.పా.” సంతకం మీద వేలు పెట్టి మూసి చూడండి. అయినా ఆయనదేనని తెలుస్తుంది. పక్కన బాపు గారి బొమ్మ పెట్టండి. ఆయన గీత ఒకచోట లావుగా మొదలై ఇంకోచోట సన్నగా పోతుంది, మిగతా కాగితం ఖాళీ. వ.పా. గారికి రంగే ప్రాణం, ఖాళీ వదలడం ఆయన పద్ధతి కాదు. పెద్ద కళ్లు, జడ, నగలు అంటూ పైపైన చూసి చెప్పేవాటికంటే, ఎవరు ఎక్కడ ఖాళీ వదిలారో చూస్తే త్వరగా తెలుస్తుంది. బొమ్మల గురించి ఇంతకంటే నాకు తెలీదు, తెలిసినవాళ్లు కింద రాయండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ప్రత్యేకంగా ఉన్నదల్లా గొప్పదేనా అని.

కాదు. నేను చూసుకునే పరీక్ష ఒకటుంది. రాగం మారితే ఆ ప్రత్యేకత కూడా కొంచెం మారుతుందా? ఒకాయన ప్రతి సంగతినీ పై షడ్జం దాకా జార్చి ముగిస్తాడనుకోండి. తోడిలోనూ అంతే, మోహనలోనూ అంతే, మంగళంలోనూ అంతే. గుర్తుపట్టడం తేలికే, కానీ అది రాగం చెబితే వచ్చింది కాదు, చెయ్యి అలవాటుపడి వచ్చింది. మంచి శైలి ఉన్నవాడు తోడి గాంధారం దగ్గర ఒకలా, మోహన గాంధారం దగ్గర ఇంకోలా ఉంటాడు. అయినా ఇద్దరూ ఒకడేనని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఆ “తెలుస్తూనే ఉండటం” ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడమే వినికిడి.

పేరున్నవాళ్లే అవ్వక్కర్లేదు. గజపతినగరం వైపు పెళ్లిళ్లకి వచ్చే సన్నాయి మేళంలో ఒక పెద్దాయన ఉండేవాడు. మాంగల్యధారణ అయ్యాక తలంబ్రాల వేళ ఆనందభైరవి అందుకునేవాడు, అది అందరూ వాయించేదే. పంచమం నుంచి పై షడ్జానికి దాటే ముందు మాత్రం ఒక్క క్షణం ఊపిరి ఆపేవాడు. డోలు మోగుతూనే ఉండేది, సన్నాయి ఉండేది కాదు, ఆ తర్వాత షడ్జం పడేది. పందిట్లో పిల్లల గోల, వడ్డనల కేకలు, వీడియోవాళ్ల హడావిడి, వీటన్నిటి మధ్యా ఆ షడ్జం ఒక్కటీ అందరికీ వినబడేది. వీధి చివర్న ఉన్నా “ఆయనొచ్చాడు” అని తెలిసేది. నాకు ఆయన నేర్పింది చాలా ఉంది. పెళ్లి పందిట్లో బిగ్గరగా ఊది గెలవలేమని ఆయనకి తెలుసు, అందుకని ఆపి గెలిచేవాడు. అది శైలి. ఏ పత్రికలోనూ ఆయన గురించి రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చేవాడు, చురుకైనవాడు. ఒక పెద్ద విద్వాంసుడి వీడియోలు చూసి అచ్చు దింపేశాడు. తల విదిలించడం, చివర్లో కళ్లు మూసుకోవడం, కమాను గాల్లోకి ఎత్తడం, అన్నీ. ఒక సంగతిలో ప్రతిసారీ ఒకేచోట గీర వచ్చేది. ఏటిరా అది అంటే, రికార్డులో అలాగే ఉంది మాస్టారూ అన్నాడు. విన్నాను. నిజమే, ఉంది. ఆ కచేరీలో ఆ క్షణాన కమాను జారి వచ్చిన గీర అది. వీడు దాన్ని కూడా సాధకం చేశాడు! నవ్వొచ్చింది గానీ, ఆ చెవి ఎంత పదునుగా ఉందో చూడండి. ఇప్పుడు బాగానే వాయిస్తున్నాడు, తల మాత్రం ఇంకా విదిలిస్తాడు.

ఘనకార్యాల్ని కూడా శైలి అనుకోకండి. నారాయణదాసు గారి పేరెత్తితే పంచముఖి గురించే చెబుతారు, కాళ్లూ చేతులూ తలతో అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని. లయబ్రహ్మ అన్నారు, తగిన బిరుదే. కానీ అది సామర్థ్యం. ఆయన శైలి కావాలంటే ఆయన రాసినవాటి దగ్గరికి వెళ్లాలి. సంస్కృతంలో దిట్ట అయ్యుండి అచ్చతెలుగులో రాయాలని పంతం పట్టినవారాయన. ఒమర్ ఖయ్యాం రుబాయీల్ని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ రెండింటిలోకీ తెచ్చారు. చేతిలో ఉన్న సంస్కృత పదాల రాశిని పక్కన పెట్టి రాయడం ఎంత కష్టమో ఒక పేజీ ప్రయత్నిస్తే తెలుస్తుంది. ఘనకార్యం కథగా చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి మిగులుతుంది. శైలిని కథగా చెప్పలేం, చదివో వినో తెలుసుకోవాలి.

మీకు సొంత శైలి ఎప్పుడొస్తుందని కదా మూడో ప్రశ్న. దాని జోలికి ఇప్పుడు వెళ్లకండి. వెతికి తెచ్చుకున్నది పైనే ఉండిపోతుంది. అది సగం మీ చేతి వేళ్లలోనే ఉంది, మిగతా సగం మీకు దేని మీద మోజో దాన్నిబట్టి వస్తుంది. నా శిష్యురాలు ఒకమ్మాయికి చిటికెన వేలు పొట్టి. షడ్జం తీగ మీద నాలుగో వేలితో పంచమం గట్టిగా పట్టలేకపోయేది. దాంతో మూడో వేలిని మధ్యమం నుంచి పంచమానికి జార్చడం మొదలుపెట్టింది. నీలాంబరిలో ఆ జారు ఎంత అందంగా కుదిరిందంటే, వద్దని చెప్పడానికి నోరు రాలేదు. కానీ హంసధ్వనిలో మధ్యమమే లేదు, అక్కడ పంచమం సూటిగా తగలాలి. అందుకని అలాంటి రాగాల్లో పక్కనున్న పంచమం తీగనే వేలు పెట్టకుండా ఖాళీగా వాయించమన్నాను. ఖాళీ తీగ నాదం వేరు, కాస్త బోసిగా ఉంటుంది. ఆ అమ్మాయి ఆ బోసితనాన్ని కప్పిపుచ్చకుండా దానికి తగ్గట్టు మిగతా స్వరాల్ని కూడా తేలిక చేసుకుంది. ఇప్పుడు ఆమె హంసధ్వని ఇంకెవరి హంసధ్వనిలాగా ఉండదు. ఎవరైనా మెచ్చుకుంటే “చిటికెన వేలు మాస్టారూ” అని నవ్వుతుంది.

గురువుగారిని పూర్తిగా అనుకరించడం గురించి భయపడనక్కర్లేదు. కొన్నాళ్లు అనుకరించాల్సిందే. ఎంత అచ్చుదింపినా మీ వేళ్ల పొడవు, మీ భుజం బరువు ఆయనవి కావు కదా, తేడా దానంతటదే వస్తుంది. వచ్చిన తేడాల్లో ఏది ఉంచుకోవాలో, ఏది దిద్దుకోవాలో తేల్చడానికే గురువు కావాలి. ఒంటరిగా యూట్యూబ్ చూసి నేర్చుకునేవాళ్లకి కష్టమయ్యేది ఇక్కడే.

వినడం ఎలా మొదలుపెట్టాలో చెబుతాను, ఇది నా పిల్లలకి చెప్పేదే. భైరవి అటతాళ వర్ణం తీసుకోండి, వయొలిన్ వాయించేవాళ్లంతా వాయించేది కాబట్టి ఎన్నో రికార్డులు దొరుకుతాయి. ముగ్గురివి చాలు, పల్లవి వరకే చాలు. భైరవిలో ధైవతం రెండు రకాలు, ఎక్కేటప్పుడు చతుశ్రుతి (కాస్త పైది), దిగేటప్పుడు శుద్ధం (కాస్త కిందిది). మొదటిసారి దిగేటప్పుడు వచ్చే ధైవతం ఒక్కటే వినండి: ఎవరు ఎంత ఊపుతున్నారు, ఎవరు తేలిగ్గా తాకి వదిలేస్తున్నారు. రెండోసారి కమాను మలుపులు ఒక్కటే వినండి. మూడోసారి ప్రతి ఆవర్తం (తాళం ఒక చుట్టు) ముగింపు. ఒకేసారి అన్నీ వినబోతే ఏమీ వినబడవు. ఫోన్ స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. విన్నది మాటల్లో రాసుకోండి. “అద్భుతం” అని మాత్రం రాయకండి, దాంతో పనిలేదు. “ధైవతం దగ్గర తొందరపడ్డాడు” అని రాస్తే పనికొస్తుంది.

పక్కవాద్యంలో ఉన్నప్పుడు వింటే ఇంకా బాగా దొరుకుతుంది. గాయకుడు ఆలాపన ఆపాక వయొలిన్‌కి వంతు వస్తుంది. ఎంతసేపు తీసుకుంటాడు? పాడినదాన్నే తిప్పి చెబుతాడా, ఆ గాయకుడు వదిలేసిన మూలకి వెళ్తాడా? తక్కువ వాయించి ఎక్కువ చెప్పేవాళ్లని గుర్తుపెట్టుకోండి. ఇది పూర్తిగా నా అభిరుచి, మా వాళ్లలోనే ఒప్పుకోనివారున్నారు. వయొలిన్ విద్వాంసులు ఎం.ఎస్. గోపాలకృష్ణన్ గారి అభిమానులైతే నామీద కర్ర ఎత్తుతారు. ఒకే తీగ మీద ఒకే వేలితో అలా పరుగెత్తించడం కూడా గొప్ప శైలే అంటారు. ఆయన విషయంలో అది నిజం కూడా. ఆ వేగంలోనూ స్వరం శుద్ధి చెడదు, హిందుస్తానీ పద్ధతి కూడా చేతిలో ఉన్న మనిషి. ఆయన్ని చూసి పరుగెత్తినవాళ్లతోనే నాకు పేచీ.

ఇక ద్వారం వారి రికార్డు మీకు ఏమీ అనిపించకపోవడం. అందులో తప్పేముంది? మీరు విన్నది బహుశా 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు నుంచి ఎవరో నెట్‌లోకి ఎక్కించినది. ఆ పళ్లేనికి ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. నేను పైన చెప్పిన పొడవైన కమాను, నాదం పెరగడం తగ్గడం అన్నవి తీరిగ్గా ఉన్నప్పుడు కనబడే గుణాలు, వాటికి అక్కడ చోటు తక్కువ. పైగా అప్పటి రికార్డింగులో కింది నాదం సరిగ్గా పట్టేది కాదు, అరిగిన పళ్లెం గరగర వేరే. ఎక్కించేటప్పుడు వేగం కాస్త ఎక్కువైతే శ్రుతి కూడా పైకి పోయి ఫిడేలు కీచుమంటుంది. రికార్డు విని ఆయన నాదం పలచన అని తేల్చెయ్యకండి, ఆయనకి తొందర ఎక్కువ అని కూడా అనుకోకండి. ఆ మూడు నిమిషాల్లో ఆయన దేన్ని వదలకుండా ఉంచారో అది చూడండి.

వేగంగా ఉన్న కృతి కాకుండా ఆయన రాగాలాపన ఉన్నదేదైనా వెతికి, శబ్దం శుభ్రంగా ఉన్న ప్రతి చూసి, రాత్రిపూట ఒక్కసారి వినండి. అప్పటికీ ఏమీ అనిపించకపోతే వదిలేసి, లాల్గుడి వారినో, మరో వయొలిన్ విద్వాంసులు టి.ఎన్. కృష్ణన్ గారినో, మీకు నచ్చినవారిని వినండి. నచ్చినవారి దగ్గర చెవి తెరుచుకుంటే మిగతావాళ్లు తర్వాత వినబడతారు. పక్కన కూర్చునే ఆ పెద్దాయన్ని మాత్రం వదలకండి. ఈసారి “ద్వారం వారి బాణీ” అనగానే, ఏ చోట విని అలా అన్నారండీ అని అడిగెయ్యండి. చెప్పగలిగితే మీకు ఉచితంగా ఒక పాఠం. చెప్పలేకపోతే ఆయన కూడా ఈసారి జాగ్రత్తగా వింటారు.